పది సెకన్ల కోసం పది రాత్రులు: ఇంట్లో హోలోగ్రామ్ చేసిన నా అనుభవం

డిగ్రీ పిల్లలకు హోలోగ్రఫీ పాఠం, అంటే లేజర్‌తో వస్తువు బొమ్మను లోతుతో సహా ప్లేటు మీద పట్టుకునే విద్య, నేను పదకొండేళ్లుగా చెబుతున్నాను. బోర్డు మీద బొమ్మ కళ్లు మూసుకుని గీసేయగలను. ఎడమ పక్క లేజర్. మధ్యలో కాంతిని రెండుగా చీల్చే అద్దం. ఒక పాయ వస్తువు మీద పడి, చెదిరి, ప్లేటు మీదికి వస్తుంది. రెండో పాయ నేరుగా ప్లేటు మీదికే వస్తుంది. మొదటిది ఆబ్జెక్ట్ బీమ్, రెండోది రిఫరెన్స్ బీమ్. రెండూ కలిసిన చోట వ్యతికరణం జరిగి, అంటే తరంగాలు ఒకచోట బలపడి ఇంకోచోట రద్దయి, సన్నని గీతలు ఏర్పడతాయి, ప్లేటు వాటిని దాచుకుంటుంది. తర్వాత అదే రిఫరెన్స్ బీమ్‌ను ఆ ప్లేటు మీద వేస్తే వస్తువు నుంచి వచ్చిన తరంగం మళ్లీ పుడుతుంది. రాసుకోండి, పరీక్షకు వస్తుంది.

పోయినేడాది ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు జేబులోంచి ఏటీఎం కార్డు తీశాడు. "సార్, హోలోగ్రామ్ కనబడాలంటే లేజర్ ఉండాలన్నారు కదా. మరి ఈ కార్డు మీద పావురం ట్యూబ్‌లైట్‌కే కనబడుతోందేంటి?"

"అది వేరే రకం. మీ సిలబస్‌లో లేదు" అన్నాను. సిలబస్‌లో లేదు అనేది మా మాస్టర్ల చేతిలో ఎప్పుడూ ఉండే గొడుగు. కుర్రాడు కూర్చున్నాడు గానీ, కార్డును కిటికీ వైపు తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం నడుచుకుంటూ ఇంటికొస్తుంటే ఒక సంగతి ముల్లులా గుచ్చింది. అయిదారు వందల మందికి హోలోగ్రామ్ ఎలా చేయాలో చెప్పినవాణ్ని, ఒక్కటంటే ఒక్కటి చేసి చూడలేదు. గట్టు మీద నిలబడి ఈత నేర్పడమంటే ఇదే.

మా ఇల్లు తెనాలిలో, రైలు పట్టాలకు నాలుగు వీధుల అవతల. ఈ చిరునామా తర్వాత చాలా ఏడిపిస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను. వేసవి సెలవులు రాగానే సామాను సమకూర్చాను. 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎర్ర లేజర్ డయోడ్ ఒకటి, అయిదు మిల్లీవాట్లది (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు). రెండున్నర అంగుళాల చదరపు గాజు ప్లేట్ల డబ్బా ఒకటి. మామూలు ఫోటో ఫిల్ము మిల్లీమీటరుకు వంద గీతలు పట్టుకుంటే గొప్ప. నాకు కావలసినవి వేలల్లో. అందుకని వీటి మీద పూసే సిల్వర్ లవణాల గింజ మహా సన్నగా ఉంటుంది, ధర మాత్రం లావుగా ఉంటుంది. ఒక్కో ప్లేటు ఎంత పడిందో మా ఆవిడకు ఇప్పటికీ సరైన లెక్క చెప్పలేదు.

బోర్డు మీద గీసే రెండు పాయల పద్ధతి ఇంట్లో కుదరదని మొదటి రోజే అర్థమైంది. అన్ని అద్దాలు, అన్ని స్టాండ్లు, ప్రతిదీ కదిలేదే. అందుకే డెనిస్యుక్ పద్ధతి పట్టుకున్నాను. 1962లో సోవియట్ శాస్త్రవేత్త యూరీ డెనిస్యుక్ కనిపెట్టిన ఏర్పాటు ఎంత సులువంటే, చూసి నవ్వొస్తుంది. లేజర్ కాంతిని పరిచి ప్లేటు మీద వేయాలి. ప్లేటు వెనకే వస్తువు. ప్లేటు గాజే కాబట్టి కాంతిలో చాలా భాగం దాన్ని దాటి వస్తువు మీద పడి, తిరిగి ప్లేటు దగ్గరికే వస్తుంది. ముందు నుంచి వచ్చేది రిఫరెన్స్, వెనక నుంచి వచ్చేది ఆబ్జెక్ట్. రెండూ ఎదురెదురుగా ఢీకొంటాయి. అద్దాల్లేవు, కాంతిని చీల్చేవి లేవు. కాంతిని పరచడానికి లెన్సు కూడా అక్కర్లేదు. డయోడ్ ముందుండే బుల్లి లెన్సును విప్పేస్తే కాంతి దానంతటదే విసనకర్రలా విచ్చుకుంటుంది. పైగా లెన్సు మీద దుమ్ము ఉంటే ప్రతి రేణువూ తన చుట్టూ వలయాలు గీసి ప్లేటంతా మచ్చలు చేస్తుంది. లెన్సే లేకపోతే ఆ గొడవే లేదు.

ఇక్కడ కాస్త ఆగి, ఫోటోకీ దీనికీ ఉన్న తేడాను నేనిప్పుడు పిల్లలకు ఎలా చెబుతున్నానో రాస్తాను. ఫోటో ఫిల్ముకు కాంతి ఎంత వచ్చిందో తెలుస్తుంది, ఏ దశలో వచ్చిందో తెలియదు. అంటే తరంగం శిఖరంలో ఉండగా తాకిందా, లోయలో ఉండగా తాకిందా అనేది దానికి పట్టదు. లోతుకు సంబంధించిన సమాచారమంతా ఆ దశలోనే ఉంది. దాన్ని ఎలా పట్టుకోవాలి? కచేరీలో పాట సమంలో ఎత్తుకున్నారా, అతీతమా, అనాగతమా, అంటే తాళంతోపాటే మొదలైందా, ముందా, వెనకా అనేది పాట ఒక్కటే వింటే తెలియదు. పక్కన తాళం పడుతుండాలి. ఆ తాళమే రిఫరెన్స్ బీమ్. రెండూ దశ కలిసిన చోట వెలుగు, ఎదురైన చోట చీకటి. దశలో తేడా కాస్తా వెలుగు చీకట్ల తేడాగా మారిపోయింది కాబట్టి ఇప్పుడు మామూలు ప్లేటు కూడా దాన్ని రాసుకోగలదు. తాళం వేసేవాడి చెయ్యి తడబడిందా, లెక్కంతా గంగలో కలిసినట్టే.

డెనిస్ గాబర్‌కు ఈ ఆలోచన 1947లో వచ్చింది. హంగరీలో పుట్టిన ఈయన అప్పుడు ఇంగ్లండ్‌లోని రగ్బీలో బ్రిటిష్ థామ్సన్-హ్యూస్టన్ కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆయన బాధ త్రీడీ బొమ్మ కాదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కటకాల్లోని లోపం. కటకం సరిగ్గా లేకపోతే బొమ్మ చెడుతుంది, సరే, తరంగం మొత్తాన్ని రాసేసుకుని ఆ లోపాన్ని తర్వాత కాంతితో సరిచేస్తే పోలా అనుకున్నాడు. లేజర్ లేని రోజులు. ఆయన వాడిన మెర్క్యురీ దీపానికి సంబద్ధత పొడవు మిల్లీమీటరులో పదోవంతు. అంటే రెండు పాయల దారుల్లో అంతకు మించి తేడా ఉంటే తాళం తప్పుతుంది. అందుకే అన్నీ ఒకే గీత మీద పెట్టాల్సి వచ్చింది, అసలు బొమ్మ మీదే దాని జంట బొమ్మ పడి కలగాపులగమైంది. 1960లో లేజర్ వచ్చాక, మిషిగన్ యూనివర్సిటీలో ఎమెట్ లీత్, యూరిస్ ఉపాట్నియెక్స్ రిఫరెన్స్ బీమ్‌ను పక్కకు వంచి ఆ రెండు బొమ్మల్నీ విడదీశారు. 1964లో వాళ్లు చూపించిన ప్రసిద్ధ హోలోగ్రామ్‌లో వస్తువు ఒక బొమ్మ రైలు. వాళ్లకు రైలు కలిసొచ్చింది. నాకు రైలే శత్రువైంది.

బల్ల సంగతి. వంటింటి గట్లకు వాడే కడప రాయి పలక, మూడడుగులు రెండడుగులది, మధ్యలో కాస్త పగిలిందని దుకాణంవాడు సగం ధరకిచ్చాడు. నేల మీద నాలుగు పాత స్కూటర్ ట్యూబులు సగం గాలితో పరిచి, పైన ఈ రాయి పెట్టాం. మా ల్యాబ్ అసిస్టెంట్ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని దించేసరికి ఇద్దరి నడుములూ పట్టేశాయి. "సార్, ఇంత బరువెందుకండీ, చిన్న ప్లైవుడ్ ముక్క పెట్టుకుంటే పోయేది కదా" అన్నాడాయన. బరువే కావాలయ్యా, బరువైతేనే సోమరిగా కూర్చుంటుంది అన్నాను.

ప్లేట్లు తగలేసే ముందు బల్ల నిలకడ చూడాలి. కాలేజీ నుంచి రెండు అద్దాలు, ఒక బీమ్ స్ప్లిటర్ తెచ్చి రాయి మీద మైకెల్సన్ వ్యతికరణ మాపకం అమర్చాను. కాంతిని రెండుగా చీల్చి, రెండు అద్దాల నుంచి వెనక్కి తెచ్చి, మళ్లీ కలిపి గీతలు చూపే ఏర్పాటిది. దీనికి లెన్సున్న ఇంకో డయోడ్ వాడాను. గోడ మీద నిలువుగా ఎర్ర గీతలు, నల్ల గీతలు, చాప అల్లికలా పడ్డాయి. పదకొండేళ్లుగా పిల్లల చేత ఈ ప్రయోగం చేయిస్తున్నా, గీతలు లెక్కపెట్టడమే తప్ప వాటిని అలా కూర్చుని చూడలేదు. ఆ రోజు గంటన్నర చూశాను.

ఒక గీత జరిగి పక్క గీత స్థానంలోకి వచ్చిందంటే అద్దం సగం తరంగదైర్ఘ్యం, అంటే 325 నానోమీటర్లు కదిలిందన్నమాట. నేను దగ్గరికి వెళ్లి నిలబడితే గీతలు నెమ్మదిగా ఒక పక్కకు జారాయి. నా బరువుకు నేల వంగుతోంది. గచ్చు నేలే! ఒక పాయ కింద అరచెయ్యి పెట్టాను, తాకలేదు, జానెడు కింద పెట్టానంతే. చేతి వేడికి లేచిన గాలిలో గీతలు నీళ్లలో నాచులా ఊగాయి. "అబ్బా" అన్నాను, గీతలన్నీ ఒక్కసారి చెదిరి మళ్లీ కుదురుకున్నాయి. ఫ్యాను వేస్తే ఉత్త ఎర్రటి మసక. వంటింట్లో ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడల్లా సన్నని వణుకు. పైవాటా వాళ్ల బోరు మోటారు సంగతి చెప్పనే అక్కర్లేదు. గూడ్సు బండి వస్తే మాత్రం, కూత నాకు వినబడక ముందే గోడ మీద గీతలకు తెలిసిపోయేది. బండి వెళ్లిపోయిన తర్వాత కూడా చాలాసేపు బెదిరినట్టు వణికేవి.

నా లెక్క ఇది. ఎక్స్‌పోజర్ జరుగుతున్నంతసేపూ రెండు పాయల దారుల్లో తేడా తరంగదైర్ఘ్యంలో పదోవంతు మించి మారకూడదు. అంటే 65 నానోమీటర్లు. తల వెంట్రుక మందాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒకటి. ఈ లెక్క బోర్డు మీద ఎన్నోసార్లు వేశాను. గోడ మీద గీత ఊగుతుంటే చూసినప్పుడు గానీ అది ఎంత చిన్నదో, ఇల్లు ఎంత పెద్ద ఊయలో తెలియలేదు.

అదే ఏర్పాటుతో లేజర్‌ను కూడా పరీక్షించాను. ఒక అద్దాన్ని వెనక్కి జరుపుకుంటూ పోతే ఎక్కడ గీతలు మాయమవుతాయో చూస్తే సంబద్ధత పొడవు తెలుస్తుంది. నా చౌక డయోడ్ ఇరవై సెంటీమీటర్ల తేడాకు కూడా గీతలు చూపించింది. గాబర్ చూస్తే ఏమనేవాడో! కాకపోతే దానికో రోగముంది. ఆన్ చేసిన కొత్తలో వేడెక్కుతూ ఒక తరంగదైర్ఘ్యం నుంచి ఇంకోదానికి గెంతుతుంది, గెంతినప్పుడల్లా గీతలు చటుక్కున మారతాయి. ఇరవై నిమిషాలు వెలిగించి వదిలేస్తే కుదురుకుంటుంది. అడాప్టర్ కంటే బ్యాటరీ మీద ఇంకా బుద్ధిగా ఉంటుంది.

ఆ ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చుని చేసేదేముంది? గోడ మీద లేజర్ వెలుగులో మెరిసే ఇసుక రేణువుల్లాంటి చుక్కలు చూస్తూ కూర్చునేవాణ్ని. వాటిని స్పెకిల్ అంటారు. గోడ గరుకుతనం వల్ల చెదిరిన కాంతి మన కంటి తెర మీద తనతో తానే వ్యతికరణం చెంది పుట్టించే చుక్కలవి. నాకు దూరపు చూపు ఆనదు. కళ్లజోడు తీసి తలను కుడికి ఊపితే చుక్కలు ఎడమకు పరుగెడతాయి. మా అమ్మకు దగ్గర చూపు ఆనదు, ఆమెకు తల ఎటు కదిలితే చుక్కలూ అటే. కళ్ల డాక్టరు ఫీజు మిగిలిందని అమ్మ సంతోషించింది.

ఇక ప్లేట్లు. మొదటిది డెవలపర్‌లో, అంటే కాంతి పడిన చోట నల్లబరిచే రసాయనంలో, వేయగానే నిమిషంలో బొగ్గులా నల్లబడింది. ఈ ప్లేట్లకు ఎరుపు బాగా తెలుస్తుంది, పచ్చ సరిగ్గా తెలియదు కాబట్టి డార్క్‌రూమ్‌లో మసక పచ్చ దీపం పెట్టుకోవచ్చు. నేను పెట్టిన దీపం మసకగా లేదు, పెళ్లి పందిరి లైటులా ఉంది. రెండోది అద్దంలా తెల్లగా, అమాయకంగా, ఖాళీగా వచ్చింది. ఎక్స్‌పోజర్ మధ్యలో పైవాటా వాళ్లు మోటారు వేశారు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైన వైఫల్యం. మా అమ్మాయి కోరిక మీద కొండపల్లి బొమ్మ ఒకటి, అంబారీ ఏనుగు, పెట్టాను. పక్కన ఖాళీ ఉందని ఒక ఇత్తడి నందిని కూడా పెట్టాను. పూజ గదిలోంచి నందిని తేవడానికి అమ్మ పర్మిషన్ కావలసి వచ్చింది. "ఉండు, చింతపండు పెట్టి తోమి ఇస్తాను" అంది. తోమొద్దమ్మా, మెరిస్తే కాంతి ఒకే పక్కకు కొడుతుంది, మాసిపోయి ఉంటేనే అన్ని పక్కలకూ చెదురుతుంది అని బతిమాలాను. తోమొద్దన్న మొదటి కొడుకువి నువ్వేరా అంది.

ప్లేటు ఆరాక చూస్తే నంది ఉంది. మసకగానే, కానీ ఉంది, మూపురంతో సహా. పక్కన ఏనుగు ఉండాల్సిన చోట ఏనుగు ఆకారంలో చీకటి. కత్తెరతో కత్తిరించి తీసేసినట్టు నల్లటి ఏనుగు. అమ్మాయి మొహం మాడ్చుకుంది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. తేలికైన మెత్తటి కర్ర, గాలిలో తేమ పీలుస్తుంది, వదులుతుంది. ఆ పది సెకన్లలో అది ఊపిరి తీసుకున్నట్టు ఓ వంద నానోమీటర్లు ఉబ్బినా చాలు, గీతలు ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. నా కంటికి బండరాయిలా కదలకుండా ఉన్న ఏనుగును ప్లేటు "కదిలింది" అని పట్టించింది. కదిలినదాన్ని ఫోటో మసకగానైనా చూపిస్తుంది. హోలోగ్రామ్ అసలు ఒప్పుకోదు, చీకటి చేసి వదిలేస్తుంది. అన్నట్టు, ఏనుగు మీది పచ్చ రంగు అంబారీ ఎలాగూ వచ్చేది కాదు. ఎర్ర లేజర్‌కు పచ్చ రంగు నలుపుతో సమానం.

నాలుగోది ఎండకు బలైంది. మే నెలలో మా కుళాయి నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. కడిగేటప్పుడు నీళ్లు వేడిగా ఉండేసరికి జెలటిన్ పొర మెత్తబడి, పాల మీద మీగడలా ముడతలు పడింది. అప్పటి నుంచి డెవలపర్ సీసాలను మంచు ముక్కల గిన్నెలో కూర్చోబెట్టి, కడగడానికి కుండ నీళ్లు, ఆఖరిసారి ముంచడానికి కార్ల బ్యాటరీల షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్ వాడాను.

అయిదో ప్లేటు రాత్రి ఒంటిగంటా నలభైకి. ఆ వేళకు వీధి నిద్రపోయింది, బోరు మోటార్లు నిద్రపోయాయి, గూడ్సు ఒకటి వెళ్లి అరగంటైంది. ఫ్రిజ్ ఆపాను. అందరి గదుల్లో ఫ్యాన్లు ఆపమన్నాను. "ఏమండీ, ఇదేమన్నా అణుబాంబా? ఎంతసేపు?" అంది మా ఆవిడ చెమట తుడుచుకుంటూ. పది సెకన్లే, కానీ దానికి ముందు పావుగంట ఎవరూ లేవకూడదు అన్నాను. కాలేజీ నుంచి తెచ్చిన పవర్ మీటర్ ప్లేటు దగ్గర చదరపు సెంటీమీటరుకు పది మైక్రోవాట్లు చూపించింది, ప్లేటుకు కావలసింది వంద మైక్రోజౌళ్లు, కాబట్టి పది సెకన్లు.

లేజర్ ముందు నల్ల అట్ట నిలబెట్టి, చీకట్లో ప్లేటు తీశాను. ఏ పక్క పూత ఉందో కంటికి కనబడదు. ప్లేటు మూలను కింది పెదవికి ఆనించాలి, అంటుకుంటే అది పూత ఉన్న పక్క. ప్లేటును నంది ముందు వాల్చి, క్లిప్పులు బిగించి, గది మూలకు వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నందిని ముందే గ్రానైట్ ముక్కకు జిగురుతో అతికించేశాను. పావుగంట గడిచాక పిల్లిలా వెళ్లి అట్టను రాయి మీద నుంచి ఎత్తాను, కానీ ఇంకా కాంతికి అడ్డంగానే గాల్లో పట్టుకున్నాను. ఎత్తినప్పటి కుదుపు చావాలి కదా. కొన్ని క్షణాలు ఆగి, తప్పించాను. గదంతా ఎర్రగా వెలిగింది. ఒకటి, రెండు... ఊపిరి బిగబట్టాను. ఏడు దగ్గర పక్క గదిలో అమ్మ గురక మొదలైంది. తొమ్మిది, పది. అట్ట దించేశాను.

బాత్రూమే డార్క్‌రూమ్. డెవలపర్‌లో రెండు నిమిషాలు, ప్లేటు నల్లబడింది. కడిగి, బ్లీచులో వేశాను. బ్లీచు అంటే భయపడకండి, అందులో ముఖ్యమైనది మైలుతుత్తం, పొలాల్లో తెగుళ్లకు కొట్టే నీలం ఉప్పే. ఇది నల్లటి వెండిని మళ్లీ పారదర్శకమైన బ్రోమైడ్‌గా మారుస్తుంది. ఎందుకంటే నల్ల గీతలు కాంతిని మింగేస్తాయి. పల్చటి హోలోగ్రామ్‌లో గీతలు నలుపు రూపంలోనే ఉంటే, పడిన కాంతిలో గరిష్ఠంగా 6.25 శాతమే బొమ్మగా తిరిగొస్తుంది. గీతలు గాజులా పారదర్శకమై, వక్రీభవనంలో మాత్రమే తేడా ఉంటే వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కళ్ల ముందే నలుపు అంచుల నుంచి కరుగుతూ పోయి ప్లేటు తేటపడింది. కడిగి, లైటు వేసి చూశాను.

ఏమీ లేదు. ఉత్త గాజు. తిప్పాను, వంచాను, లేజర్ కోణంలోనే టార్చి పెట్టాను. ఏమీ లేదు. రాత్రి రెండున్నర. చెమట, మంచు నీళ్లు, మైలుతుత్తం మరకలు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నా మొహం చూసి ఏమీ అడగకుండా ఫ్యాను వేసి వెళ్లిపోయింది.

పారేయబోతూ, ఆరబెట్టి పారేద్దామని హెయిర్ డ్రయ్యర్ పట్టాను. కింది మూల ముందు ఆరింది. ఆ మూలలో ఎర్రగా ఏదో మెదిలింది. మరక అనుకున్నాను. ఎరుపు పైకి పాకింది, డెక్క అయింది, మడిచిన కాలు అయింది. కింద ఎరుపు అప్పటికే నారింజ రంగుకు తిరుగుతోంది. గాలి పైకి పట్టేకొద్దీ తడి వెనక్కి పోతూ, తడి అంచు వెనకాలే నంది లేస్తోంది. మెడ, గంటల పట్టెడ, చెవి, కొమ్ము. నిమిషం తిరిగేసరికి మొత్తం ఆరి, బంగారు పసుపు రంగులో, గాజు వెనక రెండంగుళాల లోతులో కూర్చుని నావైపు చూస్తోంది. వెనక ఉన్నది బాత్రూమ్ గోడ.

పాఠంలో నేను దాటేసే పేరా ఒకటి ఉంది, జవాబు అక్కడే ఉంది. ఎదురెదురుగా వచ్చిన రెండు తరంగాలు ప్లేటు పూతలో అడ్డంగా పొరలు కడతాయి, ఉల్లిపాయ రేకుల్లా, ఒకదానికొకటి సుమారు 200 నానోమీటర్ల ఎడంలో. ఏడెనిమిది మైక్రాన్ల మందం పూతలో అలాంటివి ముప్ఫై నలభై. ప్రతి పొరా కాస్త కాస్త కాంతిని వెనక్కి పంపుతుంది. పొరల ఎడానికి సరిపోయే రంగు మాత్రమే అన్ని పొరల నుంచీ దశ కలుపుకుని బయటకొస్తుంది, మిగతా రంగులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అంటే ఈ ప్లేటు తెల్లకాంతిలోంచి తనకు కావలసిన రంగును తానే ఏరుకుంటుంది. లేజర్ అక్కర్లేదు. తడిగా ఉన్నప్పుడు జెలటిన్ ఉబ్బి పొరలు దూరం జరిగి ఉన్నాయి, అప్పుడు అది ఏరుకునేది కంటికి కనబడని పరారుణ కాంతిని. నంది అప్పుడూ అక్కడే ఉంది, నా కళ్లకే అందలేదు. ఆరుతూ పొరలు దగ్గరైనకొద్దీ రంగు ఎరుపులోకి, నారింజలోకి వచ్చి, రసాయనాల పాలయ్యాక పూత మొదటికంటే కాస్త కుదించుకుపోయింది కాబట్టి లేజర్ ఎరుపును దాటి పసుపు దగ్గర ఆగింది. పొరలతో రంగును ఏరే ఈ కిటుకును గాబ్రియెల్ లిప్‌మన్ రంగుల ఫోటోలకు వాడి 1908లో నోబెల్ తెచ్చుకున్నాడు. డెనిస్యుక్ అక్కడి నుంచే ఎత్తుకున్నాడు.

పొద్దున్నే అమ్మకు చూపించాను. బల్బు కింద ప్లేటు పట్టుకుని తల అటూ ఇటూ తిప్పింది. కుడి నుంచి చూస్తే మూపురం చెవిని కప్పేస్తుంది, ఎడమ నుంచి చెవి బయటపడుతుంది. ప్లేటు వెనక వేళ్లు పెట్టి తడిమింది. తర్వాత పూజ గదిలోకి వెళ్లి అసలు నంది ఉందో లేదో చూసుకుని వచ్చింది. మా అమ్మాయి ప్లేటును వెనక్కి తిప్పింది. అప్పుడు నంది గాజు ముందుకు, గాల్లోకి వచ్చింది కానీ అచ్చులా లోపలిది బయటికి తిరగబడింది. దగ్గరుండాల్సిన ముక్కు దూరంగా, దూరముండాల్సిన తోక దగ్గరగా. కాసేపు చూస్తే తల తిరుగుతుంది. "నాన్నా, సభల్లో నాయకుడు స్టేజీ మీద గాల్లో కనబడతాడే, అదీ ఇదేనా?" అంది. కాదమ్మా, అది ఏటవాలుగా పెట్టిన పల్చటి తెర మీద పడే ప్రతిబింబం. 1862లో లండన్‌లో పెప్పర్ దయ్యం అని నాటకాల్లో చూపించిన పాత గారడీ. దాన్ని హోలోగ్రామ్ అని పోస్టర్లలో వేస్తే నాకిప్పుడు ఒళ్లు మండుతోంది. ఇంతకుముందు మండేది కాదు.

తర్వాత చేసిన ప్లేట్లలో ఒకటి కడుగుతుంటే జారి రెండు ముక్కలైంది. ముక్క చేస్తే ప్రతి ముక్కలోనూ మొత్తం బొమ్మ ఉంటుందని నేను పాఠంలో గొప్పగా చెప్పేవాణ్ని. నిజమే, కానీ సగం నిజం. చిన్న ముక్క అంటే చిన్న కిటికీ. పెద్ద ముక్కలోంచి నందిని చాలా పక్కల నుంచి చూడగలను. గోరంత చిన్నదానికి కన్ను ఆనించి చూస్తే నంది మొత్తం ఉంది, కానీ ఆ ఒక్క పక్క నుంచే. ఆ కిటికీలోంచి చెవి కనబడకపోతే ఇక ఎంత తిప్పినా కనబడదు.

కాలేజీ తెరిచాక ఆ ముక్కనే క్లాసుకు తీసుకెళ్లాను. ఏటీఎం కార్డు కుర్రాడు అప్పటికి డిగ్రీ పూర్తి చేసి వెళ్లిపోయాడు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఏదో ఇంటర్వ్యూకి రైల్లో వెళుతున్నాడు. బాబూ, నీ పావురం సంగతి అన్నాను. అటు నిశ్శబ్దం. "ఏ పావురం సార్?"

అయినా చెప్పాను. కార్డు మీదిది నా నందిలాంటి పొరల రకం కాదు. 1968లో పోలరాయిడ్ కంపెనీలో స్టీఫెన్ బెంటన్ కనిపెట్టిన ఇంద్రధనుస్సు రకం. ఆయన సన్నని చీలికలోంచి హోలోగ్రామ్‌ను మళ్లీ రికార్డు చేసి, నిలువు దిశలో కనబడే లోతును వదులుకున్నాడు. మన కళ్లు రెండూ అడ్డంగా ఉన్నాయి కాబట్టి ఆ లోటు పెద్దగా తెలియదు. బదులుగా తెల్లకాంతి విడిపోయి, కార్డును పైకీ కిందికీ వంచితే ఒక్కో ఎత్తులో ఒక్కో రంగు బొమ్మ కనబడుతుంది. గీతలన్నీ ఉపరితలం మీది గట్లూ గుంటలే కనుక లోహపు అచ్చుతో ప్లాస్టిక్ రేకు మీద లక్షలకొద్దీ గుద్దుకోవచ్చు. నా నందిని అలా అచ్చు గుద్దలేం, దానివి లోపలి పొరలు.

"సార్, సిగ్నల్ పోతోంది" అన్నాడు. వెనక రైలు చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడుకు నా చెయ్యి తెలియకుండానే బల్ల మీది ప్లేటు వైపు వెళ్లింది.

ఈసారి రెండు పాయల పద్ధతి. అద్దాలు సిద్ధం, రాయి మీద స్టాండ్లు బిగిస్తున్నాను. కొత్త ప్లేట్ల డబ్బా ఫ్రిజ్‌లో, ఇడ్లీ పిండి గిన్నె వెనక ఉంది. దాని మీద "తెరవరాదు, వెలుతురు తగలరాదు" అని రాసి అంటించాను. మొన్న చూస్తే దాని కిందే మా ఆవిడ చేతిరాత: "ఫ్రిజ్ ఆపరాదు, పిండి పులుస్తుంది."